సీసా మెడకి కట్టిన కాగితం

మా ఊళ్లో నన్ను ఇప్పటికీ "ఇంగ్లీషు సుజాత" అనే అంటారు. ప్రత్తిపాడులో బస్సు మారి ఊళ్లో దిగి, మా సందు మలుపు తిరిగేలోపు ఎవరో ఒకరు "ఏమ్మోయ్ ఇంగ్లీషు సుజాతా, ఎప్పుడు రావటం?" అని అరిచి మరీ పలకరిస్తారు. మా ఊళ్లో మెల్లగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. నేనూ నవ్వి "ఇప్పుడేనండీ" అంటాను. ఆ నవ్వు ఎంత దొంగనవ్వో నాకొక్కదానికే తెలుసనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. గుంటూరులో ఒక కాలేజీలో పిల్లలకి ఇంగ్లీషు వ్యాకరణం చెబుతాను. వాక్యం ఎలా కట్టాలో, కర్త పక్కనే క్రియ ఎందుకు రావాలో, ఏ మాట ఎక్కడ పెడితే వాక్యం నిలబడుతుందో రోజుకి నాలుగు క్లాసుల్లో గొంతు చించుకుంటాను. నా బతుకంతా ఒక అబద్ధం మీద కట్టుకున్నానంటే పెద్ద మాటే అవుతుంది. కానీ ఆ బతుకు మొదట్లో ఒక అబద్ధం ఉంది. పద్నాలుగేళ్లప్పుడు, పదిమంది ముందు, మా నాన్న అన్నగారైన కోటయ్య పెదనాన్నకి చెప్పిన అబద్ధం. ఆయన బతికున్నన్నాళ్లూ దాన్ని ఒప్పుకోలేకపోయాను. మొన్న ఆయన పోయాడు.

పెద్దకర్మ రోజు భోజనాలు అయ్యాక ఆడవాళ్లందరం వసారాలో చాపల మీద కూర్చున్నాం. రాఘవమ్మ పెద్దమ్మ లోపలి నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అట్ట ఊడిపోయింది. పుస్తకం నిండా చుట్ట వాసన. "ఆయన పెట్లో గుడ్డల అడుగున ఉందే. ఇంగ్లీషులా ఉంది గదా, నీదే అయ్యుంటది," అంది. పెద్దమ్మకి అక్షరం ముక్క రాదు. తెరిచి చూస్తే నాది కాదు. లావుపాటి అక్షరాలు, ఒక్కోటి పెన్ను విరిగేంత నొక్కి రాసినవి. పెదనాన్న చేతిరాత. ఆ మాటే పైకి అన్నాను. పేజీలు తిప్పుతుంటే మధ్యలో ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. "ఆయన రాసిందేనా? ఏం రాశాడే? కాస్త చదివి అర్థం చెప్పవే," అంది పెద్దమ్మ. చుట్టూ ఉన్న పదిమంది ఆడవాళ్లూ మాటలు ఆపి నా వైపు చూశారు. అచ్చం ఆ రోజులాగే. చదివి అర్థం చెప్పమనే అప్పుడూ అడిగారు. నా చెయ్యి ఎందుకు ఆగిందో చెప్పాలంటే మాస్టారి కళ్లం దగ్గర మొదలుపెట్టాలి.

కామేశ్వరరావు మాస్టారు ఎక్కడెక్కడో హైస్కూళ్లలో పనిచేసి రిటైరై మా ఊరొచ్చి స్థిరపడ్డారు. పొద్దున్నే అయిదున్నరకల్లా ఆయన వసారాలో ట్యూషను. దానికి ఫీజు లేదు. బదులుగా మాఘం, ఫాల్గుణంలో ఆయన రెండెకరాల మిరపకాయలు కళ్లంలో ఎండుతున్నప్పుడు పిల్లలం కూర్చుని తొడిమలు తీయాలి. అదే ఫీజు. "చదువుకి చదువు, పనికి పని. పైగా గురువుగారి ఋణం వేళ్లకి అంటుకుని సాయంత్రం దాకా మండుతుంది," అని ఆయనే నవ్వేవారు. నిజంగానే మండేవి. ఇంటికొచ్చాక నాయనమ్మ గిన్నెలో మజ్జిగ పోసి వేళ్లు ముంచమనేది. పొరపాటున కళ్లు నలుపుకున్నానా, ఇక ఆ పూట బడి ఎగ్గొట్టినట్టే. ఆ ఘాటులో తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ, ఎర్రటి రాశి చుట్టూ కూర్చుని మేం ఇంగ్లీషు వాక్యం నేర్చుకున్నాం. తొడిమ తీసినప్పుడల్లా ఒక మాట. ఐ గో, యూ గో, హీ గోస్. పదిమంది పిల్లల చేతులూ నోళ్లూ ఒక్క వరసలో ఆడేవి. దారిన పోయేవాళ్లు అదేదో భజన అనుకునేవారు.

మాస్టారు పట్టా మీద మూడు కాయలు వరసగా పేర్చేవారు. "ఇదుగో, చేసేవాడు. ఇది చేసిన పని. ఇది దేన్ని చేశాడో అది. ఇంగ్లీషువాడికి ఓపిక తక్కువర్రా. మనం నేను అన్నం తిన్నాను అని నింపాదిగా పని చివర్లో చెబుతాం. వాడికి అంతసేపు ఆగే తీరిక లేదు, తిన్న సంగతి మధ్యలోనే తేల్చేస్తాడు," అనేవారు. తరవాత మధ్య కాయని చివరికి జరిపి, "ఇప్పుడేమైంది?" అని అడిగేవారు. "తెలుగైపోయింది మాస్టారూ!" అని అరిచేవాళ్లం. ఏ వాక్యం ఇచ్చినా లేచి నిలబడి, చేసేవాడెవడు, పని ఏది, మిగతాది ఏది, ముక్కలు ముక్కలుగా విడదీసి గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. అందులో నన్ను మించినవాళ్లు లేరు. మూడు వరసల పొడుగు వాక్యం ఇచ్చినా తొడిమ తీసినట్టు తీసి అవతల పడేసేదాన్ని. వాక్యంలో సగం మాటలకి నాకు అర్థం తెలియదు. మాస్టారు అడిగేవారు కాదు. "ముందు వరస రానీ, అర్థం దానంతట అదే వస్తుంది," అనేవారు. అర్థం తెలియకుండానే ఒక వాక్యాన్ని ఎంత చక్కగా విప్పొచ్చో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పైన పటారం, లోన లొటారం!

ఆ పటారానికి ఊళ్లో భలే గిరాకీ ఉండేది. సాయంత్రం కోటయ్య పెదనాన్న పంచలో నలుగురూ చేరేవారు. పెదనాన్న అయిదో తరగతితో చదువు ఆపాడు గానీ, చదివించుకుని వినడం ఆయనకి పిచ్చి. బావి దగ్గర కాళ్లు కడుక్కుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చుట్ట ముట్టించి, గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నేను పేపరు చదవాలి. ఒక్కో వాక్యం అయ్యాక ఆయన "ఊఁ" అంటేనే తరవాతి వాక్యం. మధ్యలో పెద్దమ్మ వేయించిన వేరుశనగకాయలు చేటలో తెచ్చి నా పక్కన పెట్టేది. పేపరు అయ్యాక ఎవరెవరో తెచ్చిన ఇంగ్లీషు కాగితాలు బయటికొచ్చేవి. పెళ్లి శుభలేఖ, రేడియో గ్యారంటీ కార్డు, గుంటూరు డాక్టరు రాసిన చీటీ. నేను తడుముకోకుండా గడగడా చదివేదాన్ని. మా ఊళ్లో చదువు వచ్చిందా రాలేదా అనేదానికి అదొక్కటే పరీక్ష. నీళ్లు నమిలితే రానట్టు, గడగడా చదివితే వచ్చినట్టు. "ఆ నోరు చూడరా, తెల్లోడి నోరు!" అనేవాళ్లు. పెదనాన్న ఒక్కడే చుట్ట నోట్లోంచి తీసి "అంటే ఏందమ్మా?" అని అడిగేవాడు. తెలిసింది చెప్పేదాన్ని. తెలియనిది, చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించి అతికేదాన్ని. శుభలేఖలో ఊహ తప్పితే ఎవరి పెళ్లీ ఆగదు కదా. అలా తప్పించుకోవడం నాకు బాగా అలవాటైంది.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. పది రోజులు వదలకుండా కురిసింది. మా నల్లరేగడిలో అడుగేస్తే మోకాలు దాకా దిగబడుతుంది, ఇక కలుపు తీసేవాళ్లు చేలోకి ఎలా వెళ్తారు? వాన ఆగేసరికి మోకాలెత్తు మిరపమొక్కల్ని మించిపోయింది గడ్డి. కూలీలకి కబురంపితే ఊరంతా ఒకేసారి పిలుస్తుంటే వాళ్లు మాత్రం ఎందరికని వస్తారు! పెదనాన్నకి సొంతం ఎకరన్నర, కౌలుకి పట్టింది మూడెకరాలు. అప్పుడే సాంబయ్య బాబాయి ఒక సీసా తెచ్చాడు. సాంబయ్య మాకు చుట్టం కాదు, పెదనాన్నకి చిన్నప్పటి నుంచీ జత. ఇద్దరి చేలూ పక్కపక్కనే. రాయచూరు వైపు వాళ్ల బావమరిది వ్యవసాయం చేస్తున్నాడు, అక్కడికి వెళ్లొస్తూ కొత్తరకం కలుపుమందు పట్టుకొచ్చాడు. సీసా మెడకి రబ్బరుబ్యాండుతో ఒక మడత కాగితం కట్టి ఉంది. ఒకవైపు కన్నడం, ఒకవైపు ఇంగ్లీషు. "జొన్నలో కొట్టారు అన్నాయ్, నా కళ్లతో చూశా. జొన్న పచ్చగా ఉంది, కలుపు మాడి మసైంది. మిరప సంగతి నాకు తెలీదు. కాగితంలో రాసుంటది. సుజమ్మతో చదివించి, కొట్టొచ్చంటేనే కొట్టు," అన్నాడు. ఈ మాట ఆయన స్పష్టంగా అన్నాడు. నేను విన్నాను. పక్కనే ఉన్నాను.

కాగితం నా చేతికొచ్చింది. పంచలో పదిమంది ఉన్నారు. అందరి చేలల్లోనూ కలుపే, అందరి చూపూ నా నోటి మీదే. నేను నిలబడి మొదలుపెట్టాను. చీమల్లాంటి అక్షరాలు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా నీళ్లు నమలలేదు. చదువుతూనే మనసులో విడదీసుకుంటున్నాను కూడా. ఇది పని, ఇది చేసేవాడు, ఇక్కడ వాక్యం విరుగుతుంది. అంత గొప్పగా నేనెప్పుడూ చదవలేదు. పూర్తయ్యేసరికి ఎవరో "శభాష్!" అన్నారు. పెదనాన్న కళ్లు తెరిచాడు. "చాలా ఉందమ్మా అందులో. అదంతా ఎందుగ్గానీ, ఒక్కటి చెప్పు. మన మిరపకి కొట్టొచ్చంటాడా, వద్దంటాడా?" అని అడిగాడు.

నాకు తెలియదు. ముఖ్యమైన వాక్యంలో మూడు మాటలు నేను జన్మలో విననివి. ఆ కాగితంలో మిరప అనే మాటే ఎక్కడా కనపడలేదు. మా ఇల్లు పక్కనే. నా పుస్తకాల సంచిలో మాస్టారు ఇచ్చిన డిక్షనరీ ఉంది. లేచి పది అడుగులు వేసి తెచ్చుకుంటే సరిపోయేది. "ఈ మాటలు నాకు తెలియవు పెదనాన్నా, చూసి చెబుతాను," అంటే ఎవరు ఉరి తీస్తారు? కానీ అప్పుడే శభాష్ అన్నారు. ఆ శభాష్ ఇంకా చెవిలో ఉంది. దాన్ని వెనక్కి ఇవ్వడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. "కొట్టొచ్చంట పెదనాన్నా," అన్నాను. అంతటితో ఆగానా! అబద్ధం గట్టిగా నిలబడాలంటే ఇంకో రెండు మాటలు ఉండాలని తోచి, "పొద్దున పూట కొడితే ఇంకా మంచిదంట," అని కూడా చేర్చాను. పెదనాన్న నా తల నిమిరి "నా తల్లే" అన్నాడు. ఆ స్పర్శ నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే, నేను చెప్పినట్టే, పంపు వీపున వేసుకుని నాలుగున్నర ఎకరాలూ కొట్టాడు. మూడోరోజుకి మిరప చిగుళ్లు వంకర తిరిగాయి. వారానికి ఆకులు తాళ్లలా మెలిపడి, పూతంతా రాలి, చేను చేనంతా పసుపు పచ్చగా ఒరిగిపోయింది. గడ్డిలో సగం మాత్రం పచ్చగానే ఉంది. ఊరు ఊరంతా వెళ్లి చూసొచ్చింది. నేనూ వెళ్లాను. గట్టు మీద పెదనాన్న గొంతుక్కూర్చుని ఒక మొక్కని పీకి, వేరు మట్టి దులిపి, మళ్లీ అదే గుంటలో నిలబెడుతున్నాడు. అది నిలబడటం లేదు. మళ్లీ పెడుతున్నాడు. నేను వెనక్కి తిరిగి పరిగెత్తి ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. మనసులో గుచ్చుకుని ఉండిపోయిన ఆ మూడు మాటలకీ అర్థాలు చూశాను. వెడల్పాటి ఆకులున్న పైర్ల మీద ఈ మందు పడనివ్వకూడదు, పడితే చచ్చిపోతాయి, ఇదే ఆ వాక్యం. రెండు నిమిషాలు పట్టింది నాకు, అంతే.

చెప్పేద్దామనే పెదనాన్న ఇంటికి బయలుదేరాను. వీధిలోకి వచ్చేసరికి పెద్దమ్మ గొంతు వినపడింది. సాంబయ్య బాబాయి ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తిపోస్తోంది. "కాగితంలో మంచిదనే ఉంది గదరా! పిల్ల పదిమందిలో చదివి చెప్పింది గదరా! మరి సీసాలోదే నకిలీ! ఎక్కణ్ణుంచి తెచ్చావురా ఆ విషం? తోడబుట్టినోడిలా చూశామే నిన్ను! ఇక మా గడప తొక్కావంటే చూడు!" నా చదువే సాక్ష్యం అయి కూర్చుంది. సాంబయ్య గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. "నా తప్పే వదినా," అన్నాడు. నేను వెనక్కి తిరిగాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు, ఊపిరి పీల్చుకున్నాను. బతికిపోయాను అనుకున్నాను. ఊరందరికీ నకిలీ మందనే నమ్మకం కుదిరింది. ఎవడో పనిలేనివాడు పెదనాన్న జేబులోంచి ఆ కాగితం తీసి మళ్లీ ఎవరితోనైనా చదివిస్తాడేమోనని కొన్నాళ్లు భయపడి, తరవాత అదీ మానేశాను.

ఇంకో పది రోజులకి పొద్దున్నే ట్యూషనులో ఉండగా పెదనాన్న వచ్చాడు. చంకలో కొత్త నోటుపుస్తకం. మాస్టారికి దణ్ణం పెట్టి, పిల్లల వెనక వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిల్లలందరూ కిసుక్కున నవ్వారు. "ఈ వయసులో నీకెందుకు పెదనాన్నా?" అన్నాను, తలకొట్టేసినట్టయి. "ఊరికేనమ్మా. చేలో పని లేదు గదా ఇప్పుడు," అన్నాడు. చేలో పని ఎందుకు లేదో తెలిసినదాన్ని నోరు మూసుకోవాలా వద్దా? మూసుకోలేదు. ఒకరోజు మాస్టారు ఆయన్ని లేచి సొంతంగా ఒక వాక్యం చెప్పమన్నారు. పెదనాన్న లేచి, తువ్వాలు సర్దుకుని, చెమటలు పోసుకుంటూ తన గురించి ఒక వాక్యం కట్టాడు. మాటలు తారుమారయ్యాయి. నేను పకపకా నవ్వి, మాస్టారి కంటే ముందే లేచి, ఆ వాక్యాన్ని ముక్కలు చేసి, ఎక్కడెక్కడ తప్పో వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పాను. పిల్లలు విరగబడి నవ్వారు. పెదనాన్న కూడా నవ్వి "థ్యాంక్యూ మేడమ్" అన్నాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. నా వైపు చాలాసేపు చూసి, "సుజాతా, నువ్విప్పుడు పలికిన మాటలన్నిటికీ అర్థం తెలుసా?" అని అడిగారు. అంతకుముందు ఎన్నడూ అడగని ప్రశ్న. ఆ రోజు నుంచి మాస్టారు పద్ధతి మార్చేశారు. ఏ వాక్యం విప్పినా చివర "అర్థం?" అనేవారు. తెలియకపోతే "తెలియదు మాస్టారూ" అని పైకి అనిపించేవారు. ఉన్నట్టుండి ఈయనకేమైందబ్బా అని విసుక్కున్నానే గానీ, నాకు తట్టలేదు.

ఆ మాఘంలో మా కళ్లాలన్నీ ఎర్రబడ్డాయి, పెదనాన్న కళ్లం తప్ప. పెద్దమ్మ పరాయి చేలకి కాయ కోతకి వెళ్లింది. తన చేలో కూలీలకి అన్నం పెట్టిన మనిషి, తలకి గుడ్డ చుట్టుకుని, ముఠాలో చివర నడిచి వెళ్తుంటే బడికి పోతూ ఎదురయ్యాను. "అన్నం తిన్నావటే?" అని అడిగింది. తిన్నానన్నాను. కౌలు చేను పెదనాన్న వదిలేశాడు. సొంత ఎకరన్నరలో శనగ వేసుకుని సర్దుకున్నాడు. మిరప మళ్లీ వేయలేదు. నేను పదిలో మండలానికి మొదటిదాన్నై, హాస్టల్లో చేరడానికి గుంటూరు బయలుదేరినప్పుడు బస్సు దాకా పెట్టె మోసింది ఆయనే. బస్సు కోసం అరగంట నిలబడ్డాం. ఇద్దరమే. అంతకంటే మంచి సమయం ఏముంటుంది? "పెదనాన్నా" అన్నాను. "చెప్పమ్మా" అన్నాడు, చుట్ట నోట్లోంచి తీసి, పూర్తిగా నా వైపు తిరిగి. "ఏం లేదు, ఎండగా ఉంది, నువ్వు వెళ్లిపో," అన్నాను. ఆయన కాసేపు చూసి మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకున్నాడు.

తరవాత చెప్పే అవకాశాలు కొల్లలుగా వచ్చాయి. పండగలకి వెళ్లాను, నా పెళ్లికి ఆయన వచ్చాడు, కంటి ఆపరేషనుకి గుంటూరు వస్తే మా ఇంట్లోనే వారం రోజులున్నాడు. ప్రతిసారీ, ఇప్పుడెందుకులే, పాత గాయం కెలకడం ఎందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గాయం ఆయనదైతే కెలకొద్దని తీర్పు చెప్పడానికి నేనెవరిని? ఇప్పుడు రోజులు మారాయి. మా ఊళ్లో రైతు ఫోను తీసి మందు సీసాని ఫొటో కొడితే కాగితమంతా తెలుగులో చదివి వినిపిస్తుంది. ఏ పిల్లకీ నిలబడి చదవాల్సిన పని లేదు. మాస్టారి కళ్లం ఉన్నచోట ఇప్పుడు ఇళ్లు లేచాయి. నా క్లాసులో పిల్లలు మా కంటే చక్కగా ఇంగ్లీషు మాట్లాడతారు, వాళ్ల వేళ్లకి ఏ మంటా లేదు. నేనొక పద్ధతి పెట్టుకున్నాను. "ఈ మాట నాకు తెలియదు మేడమ్" అని లేచి చెప్పిన పిల్లకి ఆ రోజు ఒక మార్కు ఎక్కువ వేస్తాను. తోటి లెక్చరర్లు మెచ్చుకుంటారు, ఎక్కడ నేర్చారండీ ఇది అని అడుగుతారు. నవ్వి ఊరుకుంటాను. నేను చేయలేని పని పిల్లల చేత చేయించి దానికి మార్కులు వేసి, నేను మాత్రం ఒక్క మార్కూ సంపాదించుకోలేదు.

ఇదంతా ఆ నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నంతసేపట్లో నా కళ్ల ముందు తిరిగింది. నా చెయ్యి ఆగిన పేజీలో సీసా కాగితంలోని ఇంగ్లీషంతా పెదనాన్న చూసి రాసుకున్నాడు. ఒక్కో మాట కింద తెలుగు అర్థం. వెడల్పాటి ఆకులు అన్న మాట కింద మాత్రం అర్థంతో పాటు "మిరప, పత్తి" అని రాసి, రెండు గీతలు కొట్టుకున్నాడు. పేజీ తిప్పితే ఆయన సొంత వాక్యాలు, పొట్టిపొట్టివి. "మై బ్రదర్స్ డాటర్ ఈజ్ ఎ గుడ్ గర్ల్. షి ఈజ్ స్మాల్. వుయ్ గేవ్ హర్ బిగ్ వర్క్. ఇట్ ఈజ్ అవర్ మిస్టేక్." పక్కన మాస్టారి ఎర్రసిరా టిక్కు. ఒక్క తప్పు లేదు. వరసంతా సరిగ్గా ఉంది.

"చదవవే, ఏడుస్తావేంటి?" అంది పెద్దమ్మ. చదివాను. ఈసారి గడగడా చదవలేదు. ఒక్కో మాటా ఆగి ఆగి చదివి, ఒక్కోదానికీ అర్థం చెప్పాను. తరవాత ఆ సాయంత్రం ఏం జరిగిందో, నాకేం తెలియదో, ఏం అన్నానో చెప్పాను. మందు నకిలీది కాదు పెద్దమ్మా, నా మాటే నకిలీది అన్నాను. పెద్దమ్మ నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాయ కోతకి పోయానని నాకు బాధ లేదే," అంది. "ఆ సాంబయ్యని ఇరవై ఏళ్ల పైన ఈ గడప తొక్కనివ్వలేదు. ఆయన శవం మీద పడి ఏడవడానికి కూడా రానివ్వలేదు గదే. ఇయ్యాల కూడా రోడ్డవతలే కూర్చున్నాడు. పో, లోపలికి పిలు. నాకు మొహం చెల్లదు."

సాంబయ్య బాబాయి రోడ్డవతల సిమెంటు బల్ల మీద, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. చాలా ముసలివాడయ్యాడు. పక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను, కాలేదు. ఆయన ఆశ్చర్యపోలేదు. నా చేతిలో నోటుపుస్తకం వైపు చూసి, "దాచాడన్నమాట," అన్నాడు.

"నీకు తెలుసా బాబాయ్?"

"అప్పుడే తెలుసమ్మా. చిగుళ్లు వంకర తిరిగిన మర్నాడే ఆ కాగితం మాస్టారి దగ్గరికి పట్టుకుపోయి చదివించాడు. ఆణ్ణుంచి తిన్నగా నా దగ్గరికొచ్చాడు. 'ఒరేయ్ సాంబా, పిల్ల సంగతి ఇప్పుడు బయటపడితే మా తమ్ముడు దాన్ని చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెడతాడు. అదీ మళ్లీ పుస్తకం ముట్టుకోదు. ఒక్క నాలుగు రోజులు నువ్వు మాట పడరా. పిల్ల మంచిదిరా, అదే వచ్చి చెబుద్ది,' అన్నాడు. సరేలే అన్నా." కర్ర చివరతో మట్టిలో ఏదో గీశాడు. "నువ్వు ఊరొచ్చినప్పుడల్లా సాయంత్రం చేలో గట్టు మీద మేమిద్దరం కలుసుకునేవాళ్లం. ఏరా, చెప్పిందా అని నేనడిగేవాణ్ణి. ఇంకా లేదురా, ఈసారి చెబుద్దిలే అనేవాడు. మొన్న మంచాన పడ్డప్పుడు కూడా, సుజమ్మ వస్తాందంట, చెబుద్దేమో చూద్దాం అని కబురంపాడమ్మా."